అట్టపెట్టెలో ఐదు బేస్‌బాల్స్: సంతకం కన్నా ముందు బంతిని చదవాలి

కేసు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం పక్క ఊళ్లో జరిగిన ఎస్టేట్ సేల్‌లో పాత ఆట సామాన్ల అట్టపెట్టె ఒకటి కొన్నది. ఇంటి యజమాని పోయాక ఇంట్లో ఉన్నదంతా ధర చీటీలు అంటించి రెండు మూడు రోజుల్లో అమ్మేయడం అక్కడ మామూలే. పెట్టెలో తోలు గ్లవ్ ఒకటి, టోపీలు, వాటి కింద ఐదు బేస్‌బాల్స్. ఐదింటి మీదా సంతకాలున్నాయి. ఒకదాని మీద బేబ్ రూత్, ఒకదాని మీద రొబెర్టో క్లెమెంటే, ఒకదాని మీద మికీ మాంటిల్. ముగ్గురూ అమెరికా బేస్‌బాల్‌లో మేటి ఆటగాళ్లు. నాలుగో బంతి నిండా న్యూయార్క్ యాంకీస్ జట్టు సంతకాలు, ఐదో దాని మీద న్యూయార్క్ మెట్స్ జట్టువి. అమ్మినవాళ్లు ఏ కాగితమూ ఇవ్వలేదు. "మా నాన్న దాచుకున్నవి" అన్న మాట తప్ప వాటికి వేరే చరిత్ర లేదు. అసలైనవో కావో చూడమని కుటుంబం మమ్మల్ని అడిగింది.

పేర్లను బట్టి వరస పెడితే రూత్ మొదట, క్లెమెంటే తర్వాత, మాంటిల్ ఆ తర్వాత రావాలి. పరిశీలన పూర్తయ్యేసరికి మొదటి రెండు బంతులకూ విలువ లేకుండా పోయింది. ఎవరూ పెద్దగా పట్టించుకోని జట్టు బంతి ముందుకొచ్చింది. ఈ తేడా సంతకాల అందం వల్ల వచ్చింది కాదు. సంతకం, పెన్ను, బంతి, సంవత్సరం అనే నాలుగూ ఒకదానితో ఒకటి పొసగాయా లేదా అన్నదే ఇక్కడ ధరను తేల్చింది.

పరిశీలన క్రమం

ముందు బంతి, తర్వాత సిరా, ఆ తర్వాత చేతిరాత, చివరికి స్థితి. ఈ క్రమం మార్చకూడదు. చేతిరాత మీద ఇద్దరు నిపుణులు ఎంతసేపైనా వాదించుకోవచ్చు. ఆటగాడు చనిపోయాక తయారైన బంతి మీద అతని సంతకం ఉంటే వాదనకు చోటే లేదు. తేల్చడానికి తేలికైన పరీక్ష ముందు పెడితే ఖరీదైన పరీక్షకు డబ్బు తగలేయక్కర్లేదు.

కావలసిన సామాను తక్కువే: పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, చిన్న ఎల్‌ఈడీ టార్చ్, 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చ్, దగ్గరి నుంచి ఫొటో తీయగల కెమెరా. చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, బంతిని కుట్టు మీద మాత్రమే పట్టుకోవాలి. వేలి జిడ్డు తోలులో దిగిందంటే కొన్నేళ్లకు పసుపు మచ్చగా తేలుతుంది.

బంతి చుట్టుకొలత 9 నుంచి 9.25 అంగుళాలు, బరువు 142 నుంచి 149 గ్రాములు. ఎనిమిది అంకె ఆకారంలో కోసిన రెండు తోలు ముక్కల్ని 108 జంట కుట్లతో కలుపుతారు. కుట్ల వరసలు రెండు చోట్ల బాగా దగ్గరికొస్తాయి. ఒకచోట లీగ్ స్టాంపు ఉంటుంది, దానికి ఎదురుగా ఉన్నది ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ చోటునే స్వీట్ స్పాట్ అంటారు. అద్దాల పెట్టెలో పెట్టినప్పుడు కంటికి ఎదురుగా కనిపించేది అదే కాబట్టి ఒంటరి సంతకం అక్కడ ఉంటే ఎక్కువ ధర పలుకుతుంది. అదే సంతకం పక్క భాగంలో ఉంటే, మిగతావన్నీ సమానమైనా, ధర తగ్గుతుంది.

స్టాంపు చెప్పే తేదీ

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని జట్లు అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్ అని రెండు విభాగాలు. 1999 దాకా ఈ రెండింటికీ వేరువేరు ప్రెసిడెంట్లు ఉండేవారు. అధికారిక బంతి మీద ఆ ప్రెసిడెంట్ పేరు ముద్ర వేసేవారు. సంతకాల బంతులు చూసేవాళ్లకు ఈ జాబితా నోటికి రావాలి.

అమెరికన్ లీగ్: ఎర్నెస్ట్ బర్నార్డ్ 1927–31, విలియం హారిడ్జ్ 1931–59, జో క్రోనిన్ 1959–73, లీ మెక్‌ఫెయిల్ 1974–83, బాబీ బ్రౌన్ 1984–94, జీన్ బుడిగ్ 1994–99.

నేషనల్ లీగ్: జాన్ హైడ్లర్ 1918–34, ఫోర్డ్ ఫ్రిక్ 1934–51, వారెన్ జైల్స్ 1951–69, చబ్ ఫీనీ 1970–86, బార్ట్ జియామాటి 1986–89, బిల్ వైట్ 1989–94, లెనార్డ్ కోల్‌మన్ 1994–99.

2000 నుంచి రెండు లీగులకూ ఒకే బంతి. దాని మీద కమిషనర్ పేరు వస్తుంది: మొదట బడ్ సెలిగ్, 2015 నుంచి రాబ్ మాన్‌ఫ్రెడ్.

స్టాంపు చెప్పేది "ఇంతకన్నా ముందు సంతకం పడలేదు" అని మాత్రమే. "ఇంతకన్నా తర్వాత పడలేదు" అని కాదు. పాత బంతి డజన్ల కొద్దీ గోదాముల్లో మిగిలి ఉండేది, ఎవరో కొని పదేళ్ల తర్వాత సంతకం చేయించుకుని ఉండొచ్చు. నకిలీలు చేసేవాళ్లు కూడా ఈ సంగతి తెలిసే పాత ఖాళీ బంతుల్ని వెతికి కొంటారు. స్టాంపు సరిపోయిందంటే బంతి మొదటి గడప దాటిందనే అర్థం.

స్టాంపుతో పాటు తయారీదారు పేరూ చూడాలి. చాలామంది తప్పేది ఇక్కడే. అమెరికన్ లీగ్ బంతుల మీద దశాబ్దాల పాటు రీచ్ పేరు ఉండేది, నేషనల్ లీగ్ మీద స్పాల్డింగ్. 1977 నుంచి రెండు లీగులకూ రాలింగ్స్ సరఫరా. తోలు కూడా మారింది. 1974 దాకా గుర్రపు తోలు, ఆ తర్వాత ఆవు తోలు. కుట్టు దారం ఇంకో గుర్తు. 1930ల మధ్య దాకా అమెరికన్ లీగ్ బంతికి ఎరుపు, నీలం దారాలు కలిపి కుట్టేవారు, నేషనల్ లీగ్ బంతికి ఎరుపు, నలుపు. ఆ తర్వాత అన్నీ ఎరుపే.

మొదటి బంతి: బేబ్ రూత్

స్టాంపు హారిడ్జ్, తయారీ రీచ్. రూత్ 1948 ఆగస్టు 16న చనిపోయాడు, హారిడ్జ్ 1931లో వచ్చాడు. కాబట్టి ఇంతవరకు అడ్డు లేదు. కుట్టు పూర్తిగా ఎరుపు, అంటే బంతి 1930ల మధ్య తర్వాతిది. రూత్ యాంకీస్‌లో ఆడిన చివరి సీజన్ 1934, మరుసటి ఏడాది బోస్టన్ బ్రేవ్స్‌లో కొద్ది వారాలు ఆడి మానేశాడు. ఆట మానేశాక కూడా చనిపోయేదాకా సంతకాలు పెడుతూనే ఉన్నాడు, ఎవరడిగినా కాదనేవాడు కాదు. ఈ లెక్కన ఈ బంతి మీద సంతకం అసలైనదైతే అది అతని చివరి పన్నెండు పదమూడేళ్లలో ఎప్పుడో పడి ఉండాలి.

సంతకంలో "బేబ్" అన్న మాటకు రెండు వైపులా ఉల్లేఖన చిహ్నాలున్నాయి. రూత్ తొలి సంతకాల్లో ఈ చిహ్నాలు నిజంగానే ఉండేవి, కానీ 1920ల చివరికొచ్చేసరికి అతను వాటిని వదిలేశాడు. 1930ల మధ్య తర్వాతి బంతి మీద 1920ల నాటి రూత్ సంతకం కనిపించిందంటే, రాసినవాడు పుస్తకంలోని ఏదో పాత నమూనాను చూసి దించాడన్న అనుమానం బలపడుతుంది. ఒక్క ఈ కారణంతోనే తీర్పు చెప్పేయకూడదు, అలవాట్లు ఒక్కరోజులో పోవు. కాబట్టి భూతద్దం కిందకు వెళ్లాల్సి వచ్చింది.

పది రెట్లలో చూస్తే మూడు విషయాలు తేలాయి. ఒకటి, గీతల మొదలూ చివరా మొద్దుగా ఉన్నాయి. వేగంగా సంతకం చేసే చెయ్యి కాగితానికి తగలకముందే కదులుతుంటుంది, అందుకే గీత సన్నగా మొదలై సన్నగా ముగుస్తుంది. చూసి దించేవాడు పెన్ను ఆనించి, ఆగి, గీత లాగుతాడు. రెండు, వంపుల దగ్గర సన్నని వణుకు ఉంది. మూడోది తీర్పు తేల్చేసింది. బంతి తోలు ఎండి జుట్టంత సన్నని పగుళ్లు పడింది. సంతకం ఆ పగుళ్ల మీదుగా వెళ్లిన ప్రతిచోటా సిరా పగుల్లోకి దిగి రెండు పక్కలా పాకింది. పగుళ్లు పడకముందు రాసిన సంతకమైతే తోలు చీలినప్పుడు గీత కూడా తెగి ఉండాలి, పగులు లోపలి భాగం తెల్లగానే మిగలాలి. సిరా పగుల్లో దిగిందంటే తోలు ముసలిదయ్యాకే సంతకం పడింది. అంటే రూత్ పోయిన ఎన్నో ఏళ్లకు.

ఇక్కడ పెన్నుల చరిత్ర కూడా కొంత తెలిసుండాలి. అమెరికాలో బాల్‌పెన్ దుకాణాల్లోకి వచ్చింది 1945 అక్టోబర్ చివర్లో. 1941 జూన్ 2న చనిపోయిన యాంకీస్ ఆటగాడు లూ గెహ్రిగ్ సంతకం బాల్‌పెన్‌తో ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు. రూత్ విషయంలో 1945 తర్వాత కొద్ది అవకాశం ఉంది కానీ ఆ ఏళ్లలో అతను జబ్బు మనిషి. అప్పటి బాల్‌పెన్ సంతకం 1920ల నాటి జోరుతో ఉంటే నమ్మడం కష్టం. షార్పీ మార్కర్ వచ్చింది 1964లో.

రెండో బంతి: రొబెర్టో క్లెమెంటే

ఐదింటిలో అతి తెలివైన మోసం ఇదే. కాబట్టి దీని దగ్గర కాస్త ఆగాలి.

ప్యూర్టోరికోకు చెందిన క్లెమెంటే పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆటగాడు. 1972 డిసెంబర్ 31న నికరాగ్వా భూకంప బాధితులకు సామాను తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో చనిపోయాడు. అతని పేరుకు గిరాకీ ఎప్పుడూ తగ్గలేదు. ముప్పై ఎనిమిదేళ్లకే పోయినందువల్ల తర్వాతి తరం ఆటగాళ్లలా సంతకాల ప్రదర్శనల్లో కూర్చుని వేల బంతుల మీద సంతకం చేసే కాలం అతను చూడలేదు. గిరాకీ ఎక్కువ, సరుకు తక్కువ. నకిలీలు పుట్టేది ఇలాంటి చోటే.

బంతి నేషనల్ లీగ్‌ది, స్టాంపు ఫీనీ. ఫీనీ 1970లో వచ్చాడు, క్లెమెంటే 1972 చివర్లో పోయాడు. మూడు సీజన్ల కిటికీ ఉంది. ప్రెసిడెంట్ల జాబితా మాత్రమే తెలిసినవాళ్లు ఇక్కడే తృప్తి పడి చేతిరాతలోకి వెళ్లిపోతారు. చేతిరాత కూడా చాలా బాగుంది. వేగం ఉంది, గీత సన్నగా ముగుస్తుంది, బాల్‌పెన్ మొన దిగిన గాడి ఏటవాలు వెలుతురులో స్పష్టంగా కనిపిస్తుంది.

బంతిని పావు వంతు తిప్పితే పక్క భాగంలో వెలిసిపోయిన ముద్ర ఒకటి ఉంది. కంటికి సగం అక్షరాలే అందుతాయి. టార్చ్‌ని బంతికి దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు వేస్తే ముద్ర నొక్కిన పల్లం పైకి తేలింది: రాలింగ్స్. ఫీనీ పదవిలో ఉన్న పదిహేడేళ్లలో మొదటి ఏడేళ్లు స్పాల్డింగ్ బంతులు, మిగతావి రాలింగ్స్ బంతులు. ఈ బంతి 1977కు ముందు తయారై ఉండే వీల్లేదు. క్లెమెంటే అప్పటికి పోయి నాలుగేళ్లు దాటింది. తోలు కూడా అదే చెప్పింది, ఇది ఆవు తోలు. ముద్ర వెలిసిపోవడం కాలం వల్ల జరిగిందా, ఎవరైనా అరగదీశారా అన్నది అల్ట్రావయొలెట్ టార్చ్‌తో చూశాం. ముద్ర ఉన్న చోట తోలు పైపొర గరుకుగా రేగి, చుట్టూ ఉన్న తోలుకన్నా వేరుగా మెరిసింది. చెరిపే ప్రయత్నం జరిగింది.

క్లెమెంటే బంతులు చూసేవాళ్లకు ఇంకో రెండు మాటలు. తన 3000వ హిట్ (బంతిని కొట్టి బేస్ చేరడం) అతను 1972 సెప్టెంబర్ 30న కొట్టాడు. సంతకం కింద "3000" అని రాసి ఉంటే అది ఆ తర్వాతి మూడు నెలల్లోనే పడి ఉండాలి. మేటి ఆటగాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి అతన్ని తీసుకున్నది 1973లో, పోయాక. హాల్ ఆఫ్ ఫేమ్ అని అతని చేతిరాతతో ఉన్న బంతి ఎక్కడ కనిపించినా కింద పెట్టేసి రావడమే.

మూడో బంతి: మికీ మాంటిల్

స్టాంపు బాబీ బ్రౌన్, తయారీ రాలింగ్స్, నీలం బాల్‌పెన్, స్వీట్ స్పాట్ మీద ఒంటరి సంతకం. బ్రౌన్ కాలం 1984–94, మాంటిల్ చనిపోయింది 1995 ఆగస్టు 13న. అన్నీ సరిపోయాయి. బ్రౌన్ స్వయంగా యాంకీస్ మాజీ ఆటగాడు, మాంటిల్‌తో కలిసి ఆడినవాడు, తర్వాత గుండె వైద్యుడయ్యాడు. అందుకే మాంటిల్ సంతకం బ్రౌన్ బంతి మీద ఉంటే కలెక్టర్లకు కాస్త ఇష్టం ఎక్కువ, అది ధరలో పెద్దగా కనిపించకపోయినా.

రెండు పదాల్లోని "ఎం" అక్షరాలూ గుండ్రటి కమానుల్లా సాగాయి. 1950ల నాటి అతని సంతకంలో ఈ సొగసు లేదు. ఆట మానేసి ప్రదర్శనల్లో సంతకాలు చేసే కాలానికి ఏర్పడిన తీరు ఇది, బంతి కాలానికి సరిగ్గా తగింది. చేతిరాతలో అనుమానించాల్సింది ఏదీ దొరకలేదు.

అసలైనదే అయినా ధర వందల డాలర్లలోనే ఉంటుందని కుటుంబానికి చెప్పినప్పుడు నిరాశ పడ్డారు. కారణం సరుకు. 1980లలోనూ 1990ల మొదట్లోనూ మాంటిల్ డబ్బు తీసుకుని ప్రదర్శనల్లో, కంపెనీ ఒప్పందాల కింద అసంఖ్యాకంగా సంతకాలు చేశాడు. ఇలాంటి బంతులు ఏ వారమైనా వేలంలో దొరుకుతాయి. ఇంత సరుకున్న చోట ధరను పెంచేవి చిన్న తేడాలే: బంతి మంచులా తెల్లగా ఉండటం, సిరా ముదురుగా ఉండటం, సంతకంతో పాటు అతని జెర్సీ నంబరు, కెరీర్ లెక్కలు చెప్పే "నం. 7", "536 హోమ్ రన్స్", "హాల్ ఆఫ్ ఫేమ్ 1974" లాంటి రాత ఉండటం. అదే "జిమ్మీకి" అని ఎవరి పేరో రాసి ఉంటే ధర పడుతుంది, కొనేవాడి ఇంట్లో జిమ్మీ లేడు కదా. ఆ పేరును చెరిపి అమ్మేవాళ్లూ ఉన్నారు. అల్ట్రావయొలెట్ వెలుగులో చెరిపిన రాత నీడలా కనిపిస్తుంది. చెరిపిన బంతి పేరున్న బంతికన్నా అధ్వానం.

నాలుగో బంతి: యాంకీస్ జట్టు

హారిడ్జ్ స్టాంపు, రీచ్ తయారీ, బాల్‌పెన్‌తో ఇరవైకి పైగా సంతకాలు. స్వీట్ స్పాట్ మీద కేసీ స్టెంగెల్. జట్టు బంతి మీద ఆ చోటు మేనేజర్‌కు వదలడం ఆనవాయితీ. హారిడ్జ్ స్టాంపు 28 ఏళ్లకు వర్తిస్తుంది కాబట్టి దాంతో తేదీ తేలదు. పేర్లతోనే తేల్చాలి. ఎవరు ఎప్పుడు జట్టులోకి వచ్చారు, ఎప్పుడు వెళ్లారు అన్నదే ఇక్కడ క్యాలెండర్.

డాన్ లార్సెన్, ఎల్స్టన్ హోవార్డ్ ఉన్నారు. ఇద్దరూ యాంకీస్‌కు ఆడటం మొదలుపెట్టింది 1955లో. ఫిల్ రిజూటో ఉన్నాడు. అతన్ని జట్టు వదులుకున్నది 1956 ఆగస్టు 25న. నార్మ్ సీబర్న్ ఉన్నాడు. అతని మొదటి మ్యాచ్ 1956 జూన్‌లో. రిజూటోను వదులుకున్న రోజే అతని చోట్లోకి వచ్చిన ఈనోస్ స్లాటర్ సంతకం లేదు. అన్నీ కలిపితే బంతి 1956 సీజన్‌ది. సీజన్‌కు ముందు జరిగే వసంతకాలపు శిక్షణ శిబిరంలోనే సీబర్న్ సంతకం చేశాడనుకున్నా, ఆగస్టు 25 దాటి ముందుకు పోదు.

1956 అంటే మాంటిల్ ట్రిపుల్ క్రౌన్ సాధించిన, అంటే మూడు బ్యాటింగ్ లెక్కల్లోనూ లీగ్‌లో మొదట నిలిచిన ఏడాది: .353 సగటు, 52 హోమ్ రన్స్, 130 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో జట్టుకు తెచ్చిన పరుగులు). అక్టోబర్ 8న, ఏటా ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌లో లార్సెన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ మీద పర్ఫెక్ట్ గేమ్ వేశాడు, అంటే ఒక్క బ్యాటర్‌నీ బేస్ చేరనివ్వలేదు, సిరీస్ యాంకీస్ గెలిచారు. విజేత జట్టు బంతికి మామూలు ఏడాది బంతికన్నా బాగా ఎక్కువ ధర. దానికి తోడు స్టెంగెల్, యోగీ బెర్రా, వైటీ ఫోర్డ్, రిజూటో అందరూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లినవాళ్లే.

చిక్కు మాంటిల్ సంతకంతో వచ్చింది. అప్పటి జట్లకు డజన్ల కొద్దీ బంతులు సంతకాల కోసం వచ్చేవి. పెద్ద ఆటగాడికి విసుగొస్తే క్లబ్‌హౌస్‌లో (స్టేడియంలో జట్టు గది) పనిచేసే కుర్రాడో సహాయకుడో అతని పేరు రాసేసేవాడు. దీన్నే క్లబ్‌హౌస్ సంతకం అంటారు. మోసం ఉద్దేశం లేకపోయినా సంతకం అతనిది కాదు. ఈ బంతి మీద మాంటిల్ పేరులోని "ఎల్"ల వాలు, "టి" అడ్డగీత ఎత్తు, పెన్ను ఒత్తిడి, మరో ఇద్దరు ఆటగాళ్ల పేర్లలో కూడా అచ్చం అలాగే ఉన్నాయి. మూడు పేర్లూ ఒకే చెయ్యి ఒకే విడతలో రాసింది. బెర్రా, ఫోర్డ్, రిజూటో, స్టెంగెల్ సంతకాల్లో మాత్రం ఒక్కొక్కరి తీరు ఒక్కోలా, స్వేచ్ఛగా ఉంది.

అసలు మాంటిల్ సంతకంతో 1956 బంతికీ, క్లబ్‌హౌస్ మాంటిల్‌తో ఉన్న బంతికీ ధరలో చాలా దూరం ఉంటుంది. అయినా బంతి బతికింది. మిగతా సంతకాలు నిజమైనవి, సంవత్సరం గొప్పది, మాంటిల్ పేరు క్లబ్‌హౌస్‌ది అని వేలం వివరణలో రాసే అమ్మాలి. దాచితే కొన్నవాడు పరీక్షకు పంపుతాడు, వస్తువు తిరిగొస్తుంది, అమ్మినవాడి పేరు పోతుంది.

స్థితి సంగతి: బంతికి లక్క వార్నిష్ పూశారు. ఆ కాలంలో సంతకాలు చెరిగిపోకుండా ఇలా చేసేవారు. మొదట మెరుస్తుంది, పదేళ్లకు తేనె రంగు తిరుగుతుంది, ఇంకొంత కాలానికి పెళుసెక్కి పొరలుగా రాలుతుంది, రాలినప్పుడు సిరాను కూడా తీసుకుపోతుంది. దీన్ని తీయాలని స్పిరిట్ వాడితే లక్కతో పాటు సంతకం కరుగుతుంది. ముట్టుకోకుండా వదిలేయడం ఒక్కటే మార్గం.

ఐదో బంతి: మెట్స్

ఇది ఒక్క నిమిషం పని. భూతద్దంలో సంతకాలన్నీ ఒకే మందంతో, ఒకే ముదురుతో ఉన్నాయి. పెన్ను దిగిన గాడి ఎక్కడా లేదు, ఒక గీత ఇంకో గీతను దాటిన చోట రెండో పొర లేదు. అచ్చు వేసిన సంతకాలు. స్టేడియంలో పిల్లలకు జ్ఞాపకంగా అమ్మే బంతి. షెల్ఫ్‌లో పెట్టుకోవడానికి బాగుంటుంది.

స్థితికి మార్కులు, కాగితాలకు బలం

సంతకాలను పరీక్షించి ధృవీకరించే పీఎస్‌ఏ లాంటి సంస్థలు బంతికీ సంతకానికీ విడివిడిగా 10కి మార్కులు వేసి, రెండూ కలిపి ఒక మొత్తం గ్రేడ్ ఇస్తాయి. రెండింటిలో సంతకం ముదురు ముఖ్యం. కాస్త పసుపెక్కిన తోలు మీద నల్లగా మెరిసే సంతకాన్ని క్షమిస్తారు, తెల్లని బంతి మీద వెలిసిన సంతకాన్ని క్షమించరు. పై గ్రేడ్‌ల దగ్గర ఒక్కో మెట్టుకు ధర వేగంగా పెరుగుతుంది, ఎందుకంటే పాత బంతుల్లో అలాంటివి అరుదు. పేరు, స్థితి, చరిత్ర మూడూ కుదిరితే ఎక్కడిదాకా వెళ్తుందో చెప్పడానికి 2018 వేలం చాలు. 1939 జూన్ 12న కూపర్స్‌టౌన్‌లో హాల్ ఆఫ్ ఫేమ్ తలుపులు తెరిచిన రోజున అక్కడికొచ్చిన రూత్, కాబ్, వాగ్నర్, సై యంగ్, వాల్టర్ జాన్సన్ సహా 11 మంది సంతకాలున్న బంతి 6,23,369 డాలర్లకు పోయింది.

ఏ పెన్ను మంచిదన్న ప్రశ్నకు జవాబు నీలం బాల్‌పెన్. షార్పీ సంతకం మొదటి రోజు గట్టిగా కనిపిస్తుంది, తర్వాత సిరా తోలులో పక్కలకు పాకి గీత చుట్టూ ఊదా రంగు మబ్బు కడుతుంది. ఒకసారి పాకితే వెనక్కి తేలేం. ఇప్పుడు ఆడుతున్నవాళ్లతో సంతకం చేయించుకునేవాళ్లు జేబులో బాల్‌పెన్ పెట్టుకుని వెళ్లాలి. స్టేడియం గేటు దగ్గర చేతికిచ్చే మార్కర్ వాడొద్దు.

కాగితాల్లో బరువు ఒకేలా ఉండదు. 2001 నుంచి మేజర్ లీగ్ బేస్‌బాల్ స్వయంగా నడుపుతున్న ధృవీకరణలో, సంతకం జరిగినప్పుడు చూసిన మనిషి అక్కడికక్కడే నంబరున్న హోలోగ్రాం అంటిస్తాడు. సాక్షి కళ్ల ముందు జరిగింది కాబట్టి అది అన్నిటికన్నా గట్టిది. ఆ పథకం ఊరికే పుట్టలేదు. 1990ల చివర్లో ఎఫ్‌బీఐ ఆపరేషన్ బుల్‌పెన్ పేరుతో నకిలీ సంతకాల ముఠాను పట్టుకుంది. వాళ్ల సరుకులో మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ కూడా ఉంది. ఆ ముఠా బంతులకు కూడా కాగితాలు ఉండేవి. అందుకే కాగితం ఉందా అని అడిగి ఊరుకోకూడదు, ఎవరిచ్చారో అడగాలి. పాత ఆటగాళ్ల విషయంలో పీఎస్‌ఏ, జేఎస్‌ఏ, బెకెట్ ఈ మూడింటి మాటే పెద్ద వేలం సంస్థలు వింటాయి. అవి ఇచ్చేది కూడా నిపుణుల అభిప్రాయమే, సాక్ష్యం కాదు. లేఖ మీది నంబరును ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడ వచ్చే ఫొటోతో చేతిలోని బంతిని కుట్టు కుట్టు పోల్చి చూడాలి. అసలు లేఖను నకిలీ బంతికి జత చేసి అమ్మడం బాగా పాతబడిన మోసం.

తుది సలహా, అమలు

రూత్, క్లెమెంటే బంతుల్ని పరీక్షకు పంపొద్దని చెప్పాం. ఖరీదైన పేర్లకు ధృవీకరణ రుసుమూ ఎక్కువే, ఫలితం ముందే తెలిసిన పరీక్షకు అది దండగ. "అసలో కాదో తెలియదు, మీ ఇష్టం" అని రాసి ఆన్‌లైన్‌లో పెట్టడమూ వద్దన్నాం. తెలిసి అలా రాయడం మోసమే, కొన్నవాడు దాన్ని మరొకరికి అసలని అమ్ముతాడు. రెండు బంతుల మీదా కుట్టు పక్కన చెరగని సిరాతో "నకిలీ" అని ఇంగ్లిష్‌లో రాసి, చూసి నేర్చుకునే నమూనాలుగా ఇంట్లోనే ఉంచుకోమన్నాం.

మాంటిల్ బంతికి ఒక సంస్థ లేఖ చాలు, గ్రేడింగ్ అక్కర్లేదు. బంతి మీద లేత పసుపు ఉంది, గ్రేడ్ మధ్యలోనే ఆగుతుంది, అదనపు ఖర్చు తిరిగి రాదు. యాంకీస్ బంతికి పూర్తి లేఖ తీసుకుని, ప్రతి సంతకాన్నీ విడిగా పేర్కొనమని అడిగి, క్రీడా వస్తువులకు పేరున్న వేలం సంస్థకు ఇవ్వమన్నాం. పాట ముగిసిన ధర మీద కొన్నవాడి నుంచి వేలం సంస్థ 20 శాతం దాకా, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ, అదనంగా తీసుకుంటుంది. పత్రికల్లో కనిపించే రికార్డు ధరల్లో ఈ అదనం కలిసే ఉంటుంది. అమ్మినవాడి చేతికి అంత రాదు. పాత అమ్మకాల ధరలు చూసి ఆశ పెట్టుకునేటప్పుడు ఆ వాటాను తీసేసి చూడాలి. వరల్డ్ సిరీస్ జరిగే అక్టోబర్‌కు వేలం దగ్గరగా వచ్చేలా సరుకు ఇస్తే యాంకీస్ బంతికి మంచిది.

మాంటిల్ బంతిని అమ్మకుండా విశాఖపట్నంలోని పెద్దవాళ్ల ఇంటికి పంపాలనుకుంటున్నారు. సముద్రపు ఊళ్లో తోలుకు పెద్ద శత్రువు తేమ. వానాకాలంలో ఇంట్లోని తేమ 70 శాతం దాటితే బూజు పడుతుంది, కుట్టు దారం రంగు తోలులోకి దిగుతుంది. తేమ 40 నుంచి 50 శాతం మధ్య, ఉష్ణోగ్రత 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. ఏసీ రోజంతా నడవని ఇంట్లో ఇది కుదరదు కాబట్టి, బంతిని అల్ట్రావయొలెట్‌ను ఆపే యాక్రిలిక్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను సిలికా జెల్ సంచులతో పాటు గాలి చొరబడని పెద్ద పెట్టెలో ఉంచాలి. పక్కనే చిన్న తేమ మీటరు పెట్టి, 50 దాటినప్పుడల్లా జెల్ మార్చాలి. పీవీసీ కవర్లలో చుట్టొద్దు, దాని రసాయనం సిరాను లాగేస్తుంది. డబ్బా లోపలి గిన్నె ఆకారపు ఆధారం స్వీట్ స్పాట్‌కు తగలకుండా, సంతకం పైకి ఉండేలా బంతిని కూర్చోబెట్టాలి. కిటికీ ఎదురుగా, ట్యూబ్‌లైట్ కింద, దేవుడి గదిలో హారతి పొగ తగిలేచోట పెట్టొద్దు.

పంపే ముందు బంతిని ఆరు వైపుల నుంచి ఫొటోలు తీసి, లేఖ నంబరుతో కలిపి ఒక కాపీ ఎడిసన్‌లో, ఒకటి విశాఖలో ఉంచమన్నాం. బీమా క్లెయిమ్ వచ్చినా, ఎప్పుడైనా అమ్మాల్సి వచ్చినా ముందు అడిగేది ఆ ఫొటోలే.